ఆలూరోళ్ళ కొట్టాల ఉరుకుందమ్మ

డోన్ నుంచి కర్నూలుకు పోయే రైలు పట్టాల పక్కన, రెండు గుట్టలు దగ్గరకొచ్చినచోట, పది పన్నెండు ఇండ్ల పల్లె ఒకటి ఉండేది. సర్కారు దానికి ఏం పేరు రాసుకున్నా, చుట్టుపక్కలోళ్ళు మాత్రం ఆలూరోళ్ళ కొట్టాల అనే పిలిచేవాళ్ళు. పేరుకు ఆలూరోళ్ళే గానీ, ఆ ఇండ్లలో ఉన్నోళ్ళలో ఆలూరు మొహం చూసినోళ్ళు లేరు. ఆ పక్కన పుట్టి, అక్కడి నుంచి కాళ్ళతో నడిచొచ్చిన మనిషి ఒక్క ఉరుకుందమ్మే మిగిలింది.

అరవై దాటినా నడుం వంగలేదు ఆమెకు. పొద్దున లేస్తూనే చేని గట్టు మీద ఒక చుట్టు తిరిగొచ్చేది. నడుస్తూ నడుస్తూ కాలికి తగిలిన రాయిని వంగి తీసి, గట్టు మీద పెట్టేది. ఎర్రనేలలో రాళ్ళకు కొదవేముంది? ఎన్ని ఏరినా వానొచ్చి మన్ను కొట్టుకుపోతే కిందివి పైకి తేలుతాయి. "ఇంకా ఎన్నేండ్లు ఏరుతావు మా?" అని కొడుకు గోపన్న విసుక్కుంటే, "నాకు కనపడకుండా పొమ్మను, ఏరను" అనేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన ఏడు, ఆలూరు తాలూకాను బళ్ళారి జిల్లా నుంచి తెచ్చి కర్నూలు జిల్లాలో కలిపినారు. డోన్ సంతకు పోయొచ్చినోళ్ళు ఆ కబురు చెప్తే ఉరుకుందమ్మ పకపకా నవ్వింది. "నేను నడిచొచ్చి ఇన్నేండ్లాయె. ఇప్పటికి మా ఊరు గూడా నా ఎనకాలే వచ్చెనే!" అంది. నవ్వింది గానీ, ఆ మధ్యాహ్నమంతా అరుగు మీద పడమటి దిక్కుకు చూస్తూ కూర్చుంది.

ఆమెది ఆలూరు పక్క రేగడి పల్లె. మొగుడు చిన్న ఈరన్నది కూడా ఆ ఊరే. పెండ్లయిన మరుసటేడే వానలు ఎగబెట్టినాయి. రేగడి నేలకు వాన పడితే బంగారం, పడకపోతే బీటలు. ఆ బీటల్లో ఇరుక్కుని ఒక ఎద్దు కాలు విరిగిపోయింది. ఇంకొక ఎద్దును మేత లేక అమ్ముకున్నారు. అప్పుడు దొరల కాలం. డోన్ నుంచి కర్నూలుకు రైలు కట్ట పోస్తున్నారని, మన్ను మోసినోళ్ళకు ఏ రోజు కూలి ఆ రోజే ఇస్తున్నారని పత్తిబండ్లోళ్ళు చెప్పినారు.

చిన్న ఈరన్న తన వాటా చేన్ని మామకు, ఉరుకుందమ్మ నాయనకు, అప్పజెప్పినాడు. "నేను తిరిగొచ్చేదాకా నువ్వే చేసుకో మామా" అన్నాడు. ఉరుకుందమ్మ తల్లి మాత్రం మూల దాచిన విత్తనం జొన్నలు కొంగులో కట్టిచ్చి, "ఇవి తినే జొన్నలు కాదు మే. యాడన్నా ఇంత నేల దొరికితే చల్లుకోండి" అంది. చెల్లెలు గిడ్డమ్మకు అప్పటికి పదేండ్లు ఉంటాయో లేదో. ఊరి పొలిమేర దాకా అక్క కొంగు పట్టుకునే వచ్చింది.

"ఎప్పుడొస్తావక్కా?"

"వానలు పడంగానే వస్తాం గిడ్డీ. నువ్వు అమ్మను చూసుకో."

వానలు పడినాయి. కానీ వాళ్ళు తిరిగి పోలేదు.

రైలు కట్ట మీద పని అంటే మాటలు కాదు. పొద్దు పొడవక ముందే తట్టలు ఎత్తాల. మొగోళ్ళు గడ్డపారలతో తవ్వితే ఆడోళ్ళు మోసుకుపోయి పోస్తారు. కట్ట పక్కన తుమ్మచెట్టు కొమ్మకు చీర కట్టి, దాంట్లో బిడ్డను పండబెట్టి, పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి ఊపుకుంటా పోయేది ఉరుకుందమ్మ. ఆ బిడ్డే పెద్ద కూతురు గంగక్క. కట్ట మీద పుట్టిందని కూలోళ్ళంతా "రైలుపాప" అనేవాళ్ళు. ఆ కాలం తల్చుకున్నప్పుడల్లా ఉరుకుందమ్మకు కష్టం గుర్తుకు రాదు. తట్టలు దించి అందరూ గుండ్రంగా కూర్చుని జొన్నరొట్టెలు పంచుకున్నదే గుర్తొస్తుంది. మొదటి రైలు పొగ వదులుతూ వచ్చిననాడు, తాము పోసిన కట్ట కుంగుతుందేమోనని చిన్న ఈరన్న కండ్లు మూసుకున్నది గుర్తొస్తుంది. రైలు దాటిపోయినాక కండ్లు తెరిచి, "నిలబడె మే! మన మన్ను నిలబడె!" అని ఎగిరినాడు.

పని అయిపోయింది. కూలోళ్ళు ఎవరి దోవన వాళ్ళు పోయినారు. కట్ట పక్కన సర్కారు బంజరు ఉండేది. రాళ్ళేరుకొని సేద్యం చేసుకుంటామన్నోళ్ళకు దాన్ని రాసిస్తారని చెప్పినారు. చిన్న ఈరన్న ఆ గుట్టల నడుమ నిలబడి, మన్ను చేతిలోకి తీసుకొని వాసన చూసినాడు.

"ఎర్రగుండాది. రాయెక్కువ. కానీ ఇది మనదయితాది మే. ఆడ అన్నదమ్ముల నడుమ ఒక ముక్క, ఈడ గుట్ట నుంచి గుట్ట దాకా!"

ఉరుకుందమ్మకు ఆ రాళ్ళను చూస్తే ఏడుపొచ్చింది. అయినా "నీ ఇష్టమప్పా" అంది.

ఇద్దరూ కలిసి రాళ్ళేరినారు. పొద్దున నుంచి మాపటి దాకా ఏరడమే పని. ఎత్తగలిగినవి ఎత్తి, ఎత్తలేనివి దొర్లించి, చేని చుట్టూ గోడలాగా పేర్చినారు. కాస్త నేల తేలినాక తల్లి ఇచ్చిన జొన్నలు చల్లినారు. మొలకలు వచ్చినాయి, మోకాలెత్తు లేచినాయి, ఆ తర్వాత ఎర్రబారి నిలబడిపోయినాయి. రేగడి జొన్నకు ఆ ఎర్రరాతి నేల పడలేదు. తిండికి పెట్టుకోకుండా ఆకలిని తట్టుకొని మోసుకొచ్చిన గింజలు అట్లా అయిపోతే, ఉరుకుందమ్మ చేలోనే కూర్చుని బోరుమని ఏడ్చింది.

ఆ ఏడుపు విని గట్టు దిగి వచ్చినోడు దస్తగిరి సాబు. పక్క గుట్టలో రాయి కొట్టే పని ఆయనది. ఎండిన జొన్నలను చూసి, తల ఊపి, "ఇది కొర్రల నేల తల్లీ. కొర్ర వెయ్యి, చుట్టూ ఆముదాలు వెయ్యి. రేగడి నేలలో చేసినట్ల ఈడ చేస్తే ఎట్ల?" అన్నాడు. తన ఇంట్లో ఉన్న కొర్రలు తెచ్చిచ్చింది కూడా ఆయనే. మరుసటేడు చేను నిండా కొర్ర ఎన్నులు వంగి ఊగుతుంటే, ఆ మొదటి బువ్వ దస్తగిరి సాబు ఇంటికి పంపి గానీ వాళ్ళు నోట్లో పెట్టుకోలేదు.

బావి తవ్వింది కూడా ఆయన సాయంతోనే. కొన్ని ఎండాకాలాలు పట్టింది. మూడు నిలువుల మన్ను దాటినాక బండ తగిలింది. దస్తగిరి సాబు బండకు తొలి వేసి, ఆ బొక్కలో మందు దట్టించి పేల్చేవాడు. చిన్న ఈరన్న ముక్కలను తట్టకెత్తేవాడు. ఉరుకుందమ్మ పైనుంచి తాడు లాగేది. ఒకనాడు పేలిన బండ నెర్రెలో నుంచి సన్నగా చెమ్మ కనపడింది. దస్తగిరి సాబు దోసిట పట్టి, బిస్మిల్లా అని, నాలుక మీద వేసుకొని చూసినాడు. పైనున్న ఉరుకుందమ్మ తాడు గట్టిగా పట్టుకొని లోపలికి వంగి చూసింది. ఆ గుట్టల్లో ఉప్పునీళ్ళు పడితే పడిన కష్టమంతా బూడిదలో పోసినట్లే.

"తియ్యగుండాది చెల్లెమ్మా!" అని లోపలి నుంచి అరుపు.

చిన్న ఈరన్న ఆ బురదలోనే కూర్చుని నవ్వినాడు. ఆ తర్వాత కపిల కట్టి ఎద్దులతో నీళ్ళు తోడినారు. బావి చుట్టూ ఇంత మిరప, ఇంత వంగ పండినాయి. ఆ నీళ్ళను చూసి ఆలూరు దిక్కు నుంచి మరో రెండు మూడు కుటుంబాలు వచ్చినాయి. వాళ్ళు కూడా కొట్టాలు వేసుకున్నారు. అట్లా పుట్టింది ఆ పల్లె.

గోపన్న పుట్టి నడక నేర్చిన ఏడు, కొట్టాల్లోకి అమ్మవారు వచ్చింది. గంగక్కకు పోసింది, గోపన్నకు పోసింది. వేపమండలు పరిచి ఇద్దరినీ పక్కపక్కన పండబెట్టుకొని ఉరుకుందమ్మ కదలకుండా కూర్చుంది. సరిగ్గా ఆ వారంలోనే పత్తిబండ్లోళ్ళు కబురు తెచ్చినారు, తల్లికి బాగలేదని. ఆ తర్వాత నాలుగు నాళ్ళకు మరో బండి వచ్చింది, తల్లి పోయిందని. అప్పటికి గంగక్క కూడా పోయింది. గోపన్న మాత్రం మొహం నిండా మచ్చలతో బతికి బయటపడినాడు.

పిల్లోడు తేరుకున్నాక ఉరుకుందమ్మ ఊరికి పోయింది. గిడ్డమ్మకు అప్పటికి పెండ్లయింది. మొగుడు ఇల్లరికం వచ్చి, చేండ్లు చూసుకుంటూ ఉన్నాడు. గిడ్డమ్మ వాకిట్లోనే నిలబడి, అక్కను లోపలికి రమ్మనలేదు.

"ఎవరి కోసం వచ్చినావక్కా? అమ్మ నీ పేరే తల్చుకొని కండ్లు మూసె. దోవకేసి చూసీ చూసీ మాకు కండ్లు కాయలు కాసె. మట్టికి గూడా రాకపోతివి."

గంగక్క సంగతి చెప్దామని ఉరుకుందమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. నా బిడ్డ కూడా పోయిందని అంటే, అది సాకులాగా అవుతుందేమో అనిపించింది. పౌరుషమో దుఃఖమో, రెండూ కలిసినాయో. తల్లిని పెట్టినచోట మన్ను తాకి దండం పెట్టుకొని, గుక్కెడు నీళ్ళు తాగకుండా తిరిగొచ్చింది. ఆ తర్వాత వాళ్ళు వీళ్ళ వాకిలి తొక్కలేదు, వీళ్ళు వాళ్ళ వాకిలి తొక్కలేదు. అక్కాచెల్లెండ్ల నడుమ అన్నేండ్లు అట్లా గడిచిపోయినాయి.

చిన్న ఈరన్న తెల్లోళ్ళు పోయిన ఏడే పోయినాడు. పొయ్యే ముందు కూడా, "బావి పూడిక తీయించల్ల గోపా, వానల్లోగా" అన్నాడే గానీ వేరే మాట చెప్పలేదు.

తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కాలువలు తవ్వి, ఆలూరు తట్టు కొన్ని ఊర్లకు నీళ్ళు వదిలినారని విన్నారు. విన్న కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం కొట్టాల్లోకి తెలియని మనిషొకడు వచ్చినాడు. తలకు రుమాలు, చంకలో చిన్న మూట. ఉరుకుందమ్మ అరుగు మీద ఆముదాలు ఒలుస్తూ ఉంది.

"ఎవరప్పా నువ్వు? యాడికి పోతాండావు?"

"ఈడికే పెద్దమ్మా. నేను గిడ్డమ్మ కొడుకును, అయ్యన్నను." వంగి కాళ్ళకు మొక్కినాడు. "మాకు కాలవొచ్చె. ఈ ఏడు మొట్టమొదట వరి నాటినాము. కోతకొచ్చె. అక్కను తోడుకొని రా అని మాయమ్మ పంపె."

ఉరుకుందమ్మ చేతిలోని ఆముదం గింజలు చాటలోకి జారిపోయినాయి. వాని గడ్డం పట్టుకొని మొహం ఎత్తి చూసింది. "మా నాయన ముక్కే" అంది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గోపన్న కూడా వస్తానన్నాడు. చిన్నమ్మను చూడాలని కాదు. కాలువ నీళ్ళు అనంగానే వాని మనసులో వేరే లెక్క మొదలైంది. ఆ మాట తల్లికి చెప్పలేదు.

డోన్‌లో రైలెక్కి గుంతకల్లులో దిగి, అక్కడి నుంచి ఆలూరు బస్సెక్కినారు. నడిచొచ్చిన దోవను రైల్లో కూర్చుని దాటుతుంటే ఉరుకుందమ్మకు ఏదీ గుర్తుపట్టే వీలు కాలేదు. ఊరు దగ్గరయ్యేసరికి ఎర్రనేల పోయి నల్లనేల వచ్చింది. అప్పుడు మాత్రం కిటికీలో నుంచి తల బయట పెట్టి గాలి పీల్చింది. కాలువ కట్ట ఎక్కినాక నిలబడిపోయింది. బీటల్లో ఎద్దు కాలు విరిగిన ఆ నేలలోనే కాలువ నిండుగా నీళ్ళు పోతున్నాయి. కట్టకు అటుపక్క కంకులు బరువెక్కిన వరిమళ్ళు పచ్చగా, పసుపుగా కనపడుతున్నాయి.

"అమ్మ చూడకపాయె" అంది, ఎవరితోనూ కాదన్నట్లు.

గిడ్డమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. జుట్టు అక్క కంటే ముందే నెరిసిపోయింది. గిడ్డమ్మే ముందుకొచ్చి, చెంబులో నీళ్ళు అక్క కాళ్ళ మీద పోసింది. "లోపలికి రా అక్కా. ఆపొద్దు రానీలేదు నేను" అంది. అంతే, ఇద్దరూ ఒకరి మెడ మీద ఒకరు పడినారు.

ఆ మాపటికి కొత్తబియ్యం వండినారు. వాళ్ళ కాలంలో వరి బువ్వంటే పండగనాటి మాట. పప్పు, గోంగూర, ఊరుబిండి పచ్చడి. అందరూ తింటుండంగా గోపన్న మాట ఎత్తినాడు.

"అయ్యన్నా, పాతకాలం మాట ఒకటుండాది. ఆ తూర్పు చేను మా నాయనది. తిరిగొచ్చేదాకా చేసుకోమని మన తాతకు ఇచ్చి పోయె. ఇప్పుడు దాంట్లో నీళ్ళు పారతాండాయి."

అయ్యన్న చెయ్యి కంచంలో ఆగింది. గిడ్డమ్మ పొయ్యి దగ్గర నుంచే, "నిజమే నాయనా. అది మీదే. నేను కాదనలేదు" అంది.

ఉరుకుందమ్మ కంచం పక్కకు జరిపింది.

"గోపా, మీ నాయన ఆ చేన్ని ఎప్పుడు ఇడ్సిపెట్టె? అది ఎండిపోయిన్నాడు. ఎండిన చేన్ని పట్టుకొని ఈళ్ళు ఈడనే ఉన్యారు. చింతపిక్కలు ఉడకబెట్టుకొని తిని ఉన్యారు. మీ అవ్వకు నోట్లో నీళ్ళు పోసినోళ్ళు ఈళ్ళు. నేను గాదు. ఎండకు లేనోళ్ళం నీళ్ళకు వస్తామా?"

"నాయన మాట..."

"మీ నాయన రాళ్ళేరి నీకొక చేను చేసిచ్చె. రేపు ఎవడో వచ్చి ఇది మా తాతదని దాంట్లో నిలబడితే నువ్వు ఊరుకుంటావా?"

గోపన్న చెయ్యి కడుక్కొని లేచిపోయినాడు. తిరుగు రైల్లో తల్లికి దూరంగా కూర్చున్నాడు. కానీ ఆ రైల్లో వాళ్ళిద్దరే లేరు. గిడ్డమ్మ కూడా వచ్చింది. "నువ్వు అన్నేండ్లు యాడుంటివో, ఎట్లుంటివో చూడల్ల అక్కా" అని పట్టుబట్టి మూట కట్టుకుంది.

ఉరుకుందమ్మ జీవితంలో సంతోషమైన దినమేదని అడిగితే, ఆ దినమే చెప్పేది. ఇన్నేండ్లలో తన పుట్టినింటి మనిషి ఒక్కరు కూడా తను చేసిన పని చూడలేదు. ఇప్పుడు చెల్లెల్ని చెయ్యి పట్టుకొని గట్ల వెంబడి తిప్పింది. గుట్ట నుంచి గుట్ట దాకా రొమ్మెత్తు రాతిగోడ. గిడ్డమ్మ ఒకచోట ఆగి, అడుగున ఉన్న పెద్దబండను కాలితో తోసి చూసింది. కదల్లేదు.

"దీన్ని ఎవరు తెచ్చిరక్కా?"

"నేను, మీ బావ. దొర్లించినాం. ఆ పూటంతా పట్టె."

"ఇదంతా మీరిద్దరేనా?" గిడ్డమ్మ గోడ పొడవునా చూసింది. "నువ్వు సుఖపడి మమ్మల్ని మర్సిపోతివనుకుంటి గదక్కా!"

గోడ మూలన, తంగేడు చెట్టు కింద, సున్నం పూసిన చిన్న రాయి ఒకటి ఉంది. అదేందని అడిగింది గిడ్డమ్మ. ఉరుకుందమ్మ ఈసారి నోరు మూసుకోలేదు.

"నా పెద్దబిడ్డ, గంగక్క. అమ్మవారు పోసి పాయె. అమ్మ పోయిన వారమే."

గిడ్డమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. వాకిట్లో నిలబెట్టి తనన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చినాయేమో, నెత్తి కొట్టుకుంది. "చెప్పకపోతివి గదక్కా! ఒక్క మాట చెప్పకపోతివి!"

"చెప్తే ఏమొస్తాది గిడ్డీ? నీ దుఃఖం నీది, నా దుఃఖం నాది. రెండూ ఒకేసారి వచ్చె, అంతే. లే, ఎండెక్కతాండాది."

ఎండాకాలం కాలువ కట్టేసినాక, ఆలూరు పక్క సేద్యానికి విరామం. తల్లిని తీసుకుపోదామని అయ్యన్న వచ్చినాడు. అప్పటికి బావిలో పూడిక నిండి నీళ్ళు అడుగంటినాయి. గోపన్న ఒక్కడే దిగి తవ్వుకుంటున్నాడు. అయ్యన్న ఎవరినీ అడగలేదు. చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, తాడు పట్టుకొని దిగినాడు. మొదటి దినం గోపన్న తన పని తాను చేసుకున్నాడు. రెండోదినం తట్ట అందిస్తూ, "రేగడోళ్ళకు రాళ్ళ పని అలవాటు ఉండదే. చేతులు బొబ్బలెక్కతాయి" అన్నాడు.

"ఎక్కనీ అన్నా. నాటు వేసేటప్పుడు నువ్వు మా బురదలోకి వస్తే చూస్తాలే నీ కత" అన్నాడు అయ్యన్న.

గోపన్న నవ్వినాడు. మచ్చల మొహం మీద ఆ నవ్వు చూసి, పైన తాడు లాగుతున్న అక్కాచెల్లెండ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాతి ఏడు నాటుకు గోపన్న నిజంగానే పోయినాడు. కోతలు అయినాక అయ్యన్న వీళ్ళకు బియ్యం పంపేవాడు, వీళ్ళు వాళ్ళకు ఆముదం నూనె, కొర్రలు పంపేవాళ్ళు. చేని మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

గిడ్డమ్మ మాత్రం కొడుకుతో పోకుండా ఆ ఎండాకాలమంతా అక్క దగ్గరే ఉంది. పొద్దుగూకంగానే ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఆముదాలు ఒలుచుకుంటూ తల్లి వంటల గురించి పోట్లాడుకునేవాళ్ళు. చారులో బెల్లం వేసేదని ఒకరు, వేసేది కాదని ఒకరు. కోడలు, గోపన్న పెండ్లాం, నవ్వుకుంటూ పోయేది. తొలకరి పడిన మరునాడు గోపన్న ఎద్దులు కట్టి గొర్రు తోలినాడు. ఉరుకుందమ్మ ఒడి నిండా కొర్రలు పోసుకొని గొర్రు మీది జడ్డిగం గిన్నెలోకి గింజలు వదులుతూ నడిచింది. "ముసలితనంలో నీకెందుకక్కా, కోడలికి ఇయ్యి" అని గిడ్డమ్మ గట్టు మీద నుంచి అరిచింది. అరిచి అరిచి విసిగి, తానే చెప్పులు విడిచి, తడిసిన ఎర్రమట్టిలోకి దిగి, అక్క వెనకాలే నడిచింది.